బెక్వేలో ఒక రోజు: పడవ కదలలేదు, మేం ఒడ్డునే ఉన్నాం

పద్మజ_న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. కరీబియన్‌లోని గ్రెనడీన్స్ దీవుల ట్రిప్‌కి వెళ్ళేముందు ఇక్కడ చాలామంది సలహాలు ఇచ్చారు. ఫిబ్రవరి చివర్లో వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాం. గాలి, రూటు, లంగరు వేసిన చోట్ల వివరాలు మా ఆయన విడిగా రాస్తానన్నారు. నేను ఒక్క రోజు గురించే రాస్తాను. ఆ రోజు మా పడవ కదలనే లేదు.

మేం నలుగురం. నేను, మా ఆయన, పదకొండేళ్ళ బాబు, అమలాపురం నుంచి వచ్చిన మా అత్తయ్య. సెయింట్ విన్సెంట్ అనే పెద్ద దీవి దక్షిణపు కొసన ఉన్న బ్లూ లగూన్‌లో 38 అడుగుల కటమరాన్ (రెండు అడుగుభాగాలు పక్కపక్కన ఉండే పడవ) ఏడు రోజులకు అద్దెకు తీసుకున్నాం. మొదటి రోజే బెక్వే దీవికి వెళ్ళడానికి బెక్వే ఛానెల్ దాటాలి. దూరం తక్కువే, పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ అక్కడ అట్లాంటిక్ అలలు, తూర్పు గాలి, రెండు దీవుల మధ్య ఒరుసుకుపోయే నీటి ప్రవాహం అన్నీ ఒకేసారి మీదకొస్తాయి. అత్తయ్య రెండు గంటలూ కళ్ళు మూసుకుని, బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. బెక్వే రేవైన అడ్మిరల్టీ బేలోకి తిరిగి కొండ చాటుకి రాగానే నీళ్ళు చెరువులా అయిపోయాయి. అప్పుడు కళ్ళు తెరిచి "వచ్చేశామా?" అంది.

మర్నాడు పొద్దున్నే మస్టీక్ దీవికి బయలుదేరాలని ప్లాన్. మా ఆయన లంగరు తియ్యడానికి సిద్ధమవుతుంటే అత్తయ్య నెమ్మదిగా అడిగింది, "ఇవాళ ఒక్కరోజు నేల మీద ఉందామా నాయనా?" అని. ఆయన మొహంలో ఇబ్బంది కనిపించింది. ఆయన నెలల తరబడి చార్ట్‌లు చూసుకుని వేసుకున్న ప్లాన్ అది. ఒక నిమిషం ఆలోచించి ఇంజన్ ఆపేశారు. "ఇవాళ స్కిప్పర్ అమ్మే. అమ్మ ఎటంటే అటు" అన్నారు.

డింగీలో, అంటే ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవలో, పోర్ట్ ఎలిజబెత్ ఊరి జెట్టీకి చేరాం. అత్తయ్య నేల మీద కాలు పెట్టిన పది నిమిషాలకి పక్కనున్న చెట్టు పట్టుకుని నిలబడిపోయింది. "నేల ఊగుతోందే" అంది. సముద్రం మీద ఊగి ఊగి అలవాటుపడిన మెదడు, నేల మీదకొచ్చాక కూడా కాసేపు అదే లెక్క వేస్తుందట. మధ్యాహ్నానికి పోయింది. అయితే ఆవిడ పట్టుకున్న చెట్టేమిటో తెలుసా? మన బాదం చెట్టు. మా స్కూల్ ముందు ఉండేదే. ఎర్రబడిన ఆకులు, కింద రాలిన కాయలు, అచ్చం అదే. అత్తయ్య ఒక కాయ రాయి మీద పెట్టి కొట్టి, పప్పు తీసి మనవడికి ఇచ్చింది. ఆవిడ ముఖంలోకి రంగు రావడం నేను అక్కడే చూశాను.

పక్కనే కూరగాయల సంత. అమ్మేవాళ్ళు నాలుగువైపుల నుంచి పిలుస్తారు, మొదట్లో కొంచెం టెన్షన్ పడ్డాను. అత్తయ్య మాత్రం నేరుగా ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. బల్ల మీద ఆకుపచ్చగా, గుండ్రంగా, ఒళ్ళంతా గళ్ళు గళ్ళుగా ఉన్న కాయలు. "సీమపనస!" అంది అత్తయ్య గట్టిగా. అమలాపురంలో వాళ్ళ పుట్టింటి పెరట్లో ఉండేదట ఆ చెట్టు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆ పెద్దావిడకి తెలుగు రాదు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. కాయ మీద వేలితో తట్టి ఎప్పుడు కొయ్యాలో, పాలు కారిపోయేదాకా ఎలా తలకిందులుగా పెట్టాలో చేతులతోనే చెప్పుకున్నారు. నేను అనువదించబోతే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

అక్కడ వాళ్ళు దాన్ని నిప్పుల మీద పైతొక్క బొగ్గయ్యేదాకా కాల్చి, వేయించిన చేపతో తింటారు. ఆ దేశపు జాతీయ వంటకం అదే. మాకు కూడా ఒకటి కాల్చి ఇచ్చింది ఆవిడ. లోపల తెల్లగా, కాల్చిన బంగాళాదుంపకీ రొట్టెకీ మధ్యలో ఉండే రుచి.

ఆ తర్వాత బెల్మాంట్ వాక్‌వే అనే దారి పట్టుకున్నాం. నీళ్ళ అంచునే పోతుంది, ఒక్కోచోట అల వచ్చి కాళ్ళు తడుపుతుంది. చివర్లో చిన్న కొండ ఎక్కి దిగితే ప్రిన్సెస్ మార్గరెట్ బీచ్. అత్తయ్యకి ఆ మెట్లు కష్టం అనిపించి దారి మధ్యలోనే ఒక బెంచీ మీద కూర్చుండిపోయాం. మేం కూడా ముందుకి వెళ్ళలేదు. బాబు మాత్రం వాళ్ళ నాన్నతో వెనక్కి వెళ్ళి, బొమ్మ పడవలు చేసే షెడ్డు దగ్గర రెండు గంటలు నిలబడ్డాడు. ఒకాయన రెండు కొసలూ కోసుగా ఉన్న పడవ నమూనాకి గరుకు కాగితం పట్టిస్తున్నాడట. వీడి చేతికి కూడా ఒక ముక్క ఇచ్చాడు. సాయంత్రం వాడి వేళ్ళకి కొయ్య పొడి అంటుకుని ఉంది, కడుక్కోనన్నాడు.

టాక్సీ అతను దీవి మొత్తం చూపిస్తానన్నాడు. అత్తయ్య వద్దంది. "చూసింది చాలు, కూర్చుందాం" అంది. కూర్చున్నాం. అడ్మిరల్టీ బే పడమటికి తెరుచుకుని ఉంటుంది, అందుకని ఆరు గంటలకి సూర్యుడు సరిగ్గా పడవల మధ్యలో దిగాడు.

ఏడు రోజుల్లో మేం చూసిన పగడపు దిబ్బలూ తాబేళ్ళూ అన్నీ బాగున్నాయి. కానీ ఇంటికొచ్చాక మేమందరం మళ్ళీ మళ్ళీ మాట్లాడుకునేది ఈ రోజు గురించే. పెద్దవాళ్ళతో, పిల్లలతో దీవుల మధ్య పడవ ప్రయాణం చేసేవాళ్ళు దయచేసి ఇలాంటి ఒక రోజు ముందే ఉంచుకోండి. ఆ రోజు ఏం చెయ్యాలో పడవలో ఎక్కువ బాధపడినవాళ్ళనే చెప్పనివ్వండి.

కాకినాడ_శీను

పద్మజ అక్కా, చదువుతుంటే మా నానమ్మ గుర్తొచ్చింది. సీమపనస చెక్కలు కోసి, శనగపిండిలో ముంచి బజ్జీలు వేసేది. అది మన కోనసీమ చెట్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కరీబియన్‌కి ఎలా వెళ్ళింది? అక్కడిదేనా?

లక్ష్మి_ట్రినిడాడ్

శీను గారూ, అక్కడిది కాదు. పసిఫిక్ దీవులది. తోటల్లో పనిచేసే బానిసలకి చవగ్గా తిండి పెట్టడానికి బ్రిటిష్ వాళ్ళు తాహితీ నుంచి తెప్పించారు. బౌంటీ ఓడ మీద తిరుగుబాటు జరిగిందే, ఆ కెప్టెన్ బ్లై మొదటిసారి తీసుకొస్తున్నవి కూడా ఈ మొక్కలే. రెండోసారి ప్రావిడెన్స్ అనే ఓడలో 1793లో సెయింట్ విన్సెంట్‌కి చేర్చాడు. అక్కడి రాజధాని కింగ్స్‌టౌన్‌లో 1765లో పెట్టిన బొటానిక్ గార్డెన్ ఇప్పటికీ ఉంది. సీమపనసలో గింజ ఉండదు, వేరు పిలకల నుంచే పెరుగుతుంది. అందుకే మొక్కల్నే కుండీల్లో పెట్టి, మంచినీళ్ళు పోస్తూ అంత దూరం మొయ్యాల్సి వచ్చింది. బానిసల కోసం తెచ్చిన ఆ కాయనే వాళ్ళ మనవలు ఇవాళ తమ జాతీయ వంటకంగా చెప్పుకుంటున్నారు. నాకు అది ఎప్పుడు తలుచుకున్నా మనసు కదిలిపోతుంది.

పద్మజ గారూ, మీ అత్తయ్యగారికి ఇంకో సంగతి చెప్పండి. 1861 జూన్ 1న సెయింట్ విన్సెంట్‌కి మొదటి భారతీయ కూలీలు ట్రావన్‌కోర్ అనే ఓడలో వచ్చారు. ఆ ఓడ బయలుదేరింది మన మద్రాసు రేవు నుంచే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా జిల్లాలు కూడా ఉండేవి. ఇప్పుడు అక్కడ జూన్ 1ని భారతీయుల రాక దినంగా జరుపుకుంటారు. భాష పోయింది, పేర్లు మారిపోయాయి. కానీ అక్కడి అంగళ్ళలో మీకు రోటీ అని ఒకటి దొరికి ఉండాలే, కూర లోపల పెట్టి మడిచినది?

పద్మజ_న్యూజెర్సీ

దొరికింది లక్ష్మి గారూ, తిన్నాం కూడా. ట్రావన్‌కోర్ ఓడ సంగతి ఇప్పుడే అత్తయ్యకి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాకు రెండు గంటలకే అలా అయిపోయింది, వాళ్ళు అన్ని నెలలు ఎలా వచ్చారో" అంది.

రఘురామ్_అట్లాంటా

రాసింది చాలా బాగుంది. కానీ నా అభిప్రాయం వేరు, నిజాయితీగా చెబుతాను. ఏడు రోజుల అద్దెలో మొదటి రోజూ చివరి రోజూ సగం సగం పోతాయి. పూర్తిగా మిగిలేవి ఐదు రోజులు. అందులో ఒకటి బెంచీ మీద కూర్చోవడానికి పెడితే టొబాగో కేస్‌కి ఎంత మిగులుతుంది? మేం రెండేళ్ళ కిందట వెళ్ళాం. గుర్రపు లాడం ఆకారంలో పగడపు దిబ్బ, దాని లోపల నాలుగు చిన్న దీవులు, వాటిలో బరడాల్ అనే దీవి పక్కన నీళ్ళలో దిగితే చేతికందేంత దగ్గర పచ్చ తాబేళ్ళు గడ్డి మేస్తుంటాయి. అలాంటి చోటు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయి? ఒంట్లో బాగోలేకపోతే ఆగాలి, అది వేరు. కానీ ప్లాన్‌లోనే ఖాళీ రోజు పెట్టుకోమనడం నాకు నచ్చలేదు. సెలవు దొరకడమే కష్టం మనకి.

తెప్ప_విశాఖ

రఘురామ్ గారూ, నేను ముప్పై ఏళ్ళు మర్చంట్ నేవీలో ఇంజన్ రూమ్‌లో పనిచేశాను. నేను చేరిన రోజుల్లో సరుకు దించడానికి రేవులో వారం, పది రోజులు పట్టేది. ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళం, టీ తాగేవాళ్ళం, ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్ళం. కంటైనర్లు వచ్చాక ఓడ రేవులో ఒక్క రోజు ఉంటే గొప్ప. నేను సింగపూర్ నలభైసార్లు వెళ్ళి ఉంటాను. చివరి పదేళ్ళలో ఆ ఊరి నేల మీద ఎన్నిసార్లు కాలు పెట్టానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. క్రేన్లు చూశాను, ఊరు చూడలేదు. అందుకే చెబుతున్నా, ఒడ్డున గడిపిన రోజు ప్రయాణంలోంచి తీసేసిన రోజు కాదు. సముద్రం మీద ఉన్నవాడు ఎదురుచూసేదే ఆ రోజు కోసం.

ఇంకోటి, పిల్లాడికి చెప్పండమ్మా. మీరెక్కిన కటమరాన్‌కి ఆ పేరు మన సముద్రం నుంచే వెళ్ళింది. తమిళంలో కట్టుమరం, కట్టిన దుంగలు అని. మా జాలరిపేటలో తెప్ప అంటాం. అదీ దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టేదే. మా నాన్న దాని మీదే వేటకెళ్ళేవాడు.

లక్ష్మి_ట్రినిడాడ్

మళ్ళీ నేనే. ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పడం మర్చిపోయాను. ఈ దీవుల బీచ్‌ల మీద మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. బాదం చెట్టు లాగే మంచి నీడ ఇస్తుంది. చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు రాలి ఉంటాయి, తియ్యటి వాసన. కాయ కొరికితే నోరు, గొంతు బొబ్బలెక్కుతాయి. పాలు తగిలితే చర్మం కాలినట్టు అవుతుంది. వాన పడుతున్నప్పుడు కింద నిలబడితే ఆకుల మీంచి కారే నీళ్ళు కూడా చాలు. ఆ కట్టెలతో మంట వేస్తే పొగ కళ్ళకి ప్రమాదం. కొన్నిచోట్ల మొదలుకి ఎర్ర రంగు పట్టీ వేస్తారు, కానీ అన్ని చెట్లకీ ఉండదు. పిల్లలకి ఒక్కటే నేర్పండి: బీచ్ మీద పడున్న పచ్చటి కాయ ఏదైనా ముట్టుకోకూడదు. తగిలితే వెంటనే సబ్బునీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అలాగే సెయింట్ విన్సెంట్‌లో సైన్యం వాళ్ళ మచ్చల డిజైన్ బట్టలు మామూలు జనం వేసుకోవడం చట్టరీత్యా నేరం. చిన్నపిల్లల టోపీ అయినా సరే. అలాంటివి ఇంట్లోనే ఉంచి వెళ్ళండి.

పద్మజ_న్యూజెర్సీ

లక్ష్మి గారూ, చదివి ఒళ్ళు జలదరించింది. బెక్వేలోనే లోయర్ బే బీచ్‌లో ఎర్ర పట్టీ ఉన్న చెట్టు ఒకటి చూశాం, అది హద్దు గుర్తేమో అనుకున్నాం. బాబు దాని పక్కనే తువ్వాలు పరిచాడు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. అత్తయ్య బాదంకాయ ఏరి ఇచ్చినప్పుడు నేను ఆకు చూసి గుర్తుపట్టాను కాబట్టి సరిపోయింది. కానీ వాడు రేపు ఇంకో బీచ్‌లో ఇంకో కాయ ఏరితే? ఈ మాట నా మొదటి పోస్టులోనే ఉండాల్సింది.

హరిత_గుంటూరు

పద్మజ గారూ, రెండు కొసలూ కోసుగా ఉన్న పడవ అన్నారు. అది తిమింగలాల వేట పడవే కదా? బెక్వేలో ఇప్పటికీ హంప్‌బ్యాక్ తిమింగలాల్ని చంపుతారని చదివాను. అది తెలిసీ అక్కడ ప్రశాంతంగా కూర్చోగలమా? కోపంతో అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే.

లక్ష్మి_ట్రినిడాడ్

హరిత గారూ, నిజమే. 19వ శతాబ్దం చివర్లో మొదలైంది అక్కడ. తెరచాపలూ తెడ్లూ ఉన్న చిన్న పడవల్లో, చేత్తో ఈటె విసిరి వేటాడే పద్ధతి. అంతర్జాతీయ తిమింగల కమిషన్ దీన్ని స్థానికుల జీవనాధార వేటగా గుర్తించి, సగటున ఏడాదికి నాలుగుకి మించకుండా అనుమతి ఇస్తుంది. చాలా ఏళ్ళు నాలుగు కూడా దొరకవు, కొన్నేళ్ళు ఒక్కటీ దొరకదు. ఆ దీవిలోనే దీన్ని ఇష్టపడనివాళ్ళూ ఉన్నారు, మా తాతల పని అని గర్వంగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. నాకు వ్యక్తిగతంగా ఆ వేట ఆగిపోవాలనే ఉంది. కానీ ఆ మాట వాళ్ళ బెంచీ మీద కూర్చుని, వాళ్ళ మాట విన్నాక అనాలి.

అదే దీవిలో ఓర్టన్ కింగ్ అనే ఆయన ఒకప్పుడు నీళ్ళలో మునిగి చేపలు పట్టేవాడు. 1995లో పార్క్ బే దగ్గర తాబేళ్ళ కేంద్రం మొదలుపెట్టాడు. హాక్స్‌బిల్ జాతి తాబేలు పిల్లల్ని కొన్నేళ్ళు పెంచి సముద్రంలో వదిలేవాడు. అలా తొట్లలో పెంచడం మంచిదేనా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఉంది. వేట, కాపాడటం రెండూ అదే చిన్న దీవిలో, 18 చదరపు కిలోమీటర్లలోనే ఉన్నాయి.

హరిత_గుంటూరు

ధన్యవాదాలు లక్ష్మి గారూ. నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, వెళితే ఆ తాబేళ్ళ కేంద్రం చూసి, ఆ బొమ్మ పడవల ఆయనతో కూడా మాట్లాడతాను.

మూర్తి_పోర్ట్‌బ్లెయిర్

నేను అండమాన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడు. పద్మజ గారి పోస్టులో డింగీ మాట చూసి రాస్తున్నా. కరీబియన్‌లో పోటుకీ ఆటుకీ తేడా అరమీటరు కూడా ఉండదు. అందుకే పొద్దున్న ఒడ్డుకి కట్టిన డింగీ సాయంత్రం కూడా నీళ్ళలోనే ఉంటుంది. అదే అలవాటుతో మా వైపు వస్తే ఇబ్బంది పడతారు. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా సుమారు రెండు మీటర్లు. నీల్ దీవిలో, ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు, భరత్‌పూర్ బీచ్‌లో పోటు మీద వచ్చిన పడవ ఆటుకి పగడపు రాళ్ళ మీద కూర్చుంటుంది. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా ఆరు గంటలు ఆగాలి.

మా చిన్నప్పుడు అలా ఆగిపోవడమే మాకు సెలవు. నాన్న పడవ కదలదు కాబట్టి ఎవరికీ తొందర ఉండేది కాదు. నీళ్ళు పోయాక బయటపడ్డ రాళ్ళ గుంటల్లో చిన్న చేపలు, నత్తలు, నీలం రంగు నక్షత్ర చేప. అమ్మ కొబ్బరిచెట్టు కింద అన్నం మూట విప్పేది. ఆ ఆరు గంటలు ఎవరూ ప్లాన్ చేసినవి కావు, సముద్రం ఇచ్చినవి.

రఘురామ్_అట్లాంటా

మూర్తి గారి పోస్టు, తెప్ప గారి పోస్టు రెండూ రెండుసార్లు చదివాను. నిన్న నేను కొంచెం లెక్కల మనిషిలా మాట్లాడాను. ఒక విషయం గుర్తొచ్చింది. మా ట్రిప్‌లో యూనియన్ ఐలాండ్ అనే దీవిలోని క్లిఫ్టన్ ఊళ్ళో ఒక్క గంట ఆగాం, నీళ్ళూ ఐసూ కొనుక్కుని వెళ్ళిపోయాం. ఆ తర్వాత 2024 జూలై 1న బెరిల్ తుఫాను వచ్చింది. యూనియన్ ఐలాండ్‌లో దాదాపు ఇళ్ళన్నీ దెబ్బతిన్నాయి. టీవీలో ఆ వీధి చూపిస్తుంటే నేను గుర్తుపట్టలేకపోయాను. కూలిపోయింది కాబట్టి మాత్రమే కాదు, కూలకముందు నేను సరిగ్గా చూడలేదు కాబట్టి.

టొబాగో కేస్ వదలమని మాత్రం ఎవరికీ చెప్పను. కానీ ఈసారి ఏప్రిల్‌లో మా అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాను, పది రోజులు. క్లిఫ్టన్‌లో ఒక రోజు, బెక్వేలో ఒక రోజు లంగరు తియ్యను. పద్మజ గారూ, నాన్నకి మోకాళ్ళ నొప్పి. డింగీ ఎక్కి దిగడం ఎలా చేశారు? డబ్బులు, నీళ్ళు, బాత్రూమ్ లాంటివి కూడా చెప్పండి.

పద్మజ_న్యూజెర్సీ

రఘురామ్ గారూ, చాలా సంతోషం. బీచ్ మీదకి డింగీ తీసుకెళ్ళకండి. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పొడవాటి అలలు ఒడ్డున హఠాత్తుగా విరుగుతాయి, పెద్దవాళ్ళు తూలిపోతారు. ఊళ్ళో జెట్టీ దగ్గరే దించండి. మేం ఒకరు ముందు పైకెక్కి కూర్చుని చేతులు పట్టుకున్నాం, ఇంకొకరు డింగీలో వెనక నుంచి ఆసరా. అత్తయ్య చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ముందు కూర్చుని తర్వాత లేచింది. నిలబడి అడుగు వెయ్యాలని చూస్తేనే ప్రమాదం. జెట్టీ కింద డింగీ ఇరుక్కోకుండా వెనక చిన్న లంగరు వెయ్యండి, తాళం కూడా.

ఈసీ డాలర్లు (అక్కడి డబ్బు, ఈస్టర్న్ కరీబియన్ డాలర్లు) కొన్ని దగ్గర పెట్టుకోండి. ఒక అమెరికా డాలర్‌కి 2.70, చాలా ఏళ్ళుగా అదే రేటు. సంతలో ధర ముందే అడగండి. బాత్రూమ్‌కి నీళ్ళ ఒడ్డున ఉన్న ఏదో ఒక హోటల్లో టీ తాగితే సరి. నీళ్ళు మాత్రం పొదుపుగా వాడండి. బెక్వేలో నదులు లేవు, ఎక్కువగా ఇళ్ళ కప్పుల మీద పడ్డ వాననీళ్ళే తొట్లలో పట్టుకుంటారు. మా అత్తయ్య కాలవల మధ్య పెరిగింది, ప్రతి ఇంటి కిందా ఆ తొట్లు చూసి, హోటల్లో చేతులు కడుక్కునేటప్పుడు కూడా కుళాయి సన్నగా తిప్పింది.

ఏప్రిల్ అంటున్నారు కాబట్టి, లాబ్‌స్టర్ తినాలంటే నెలాఖరులోపే. మే నుంచి ఆగస్టు వరకు పట్టడం నిషేధం.

కాకినాడ_శీను

అక్కా, సీమపనస పడవలో కూడా వండారా? అది చెప్పలేదు మీరు.

పద్మజ_న్యూజెర్సీ

వండాం శీనూ. ఆ పెద్దావిడ రెండు కాయలు ఇచ్చి ఒక్కదానికే డబ్బులు తీసుకుంది. ఆ రాత్రి పడవ వంటగదిలో అత్తయ్య చెక్కలు కోసి పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టింది. పోపులో ఎండుమిరపకాయలు, కరివేపాకు. కరివేపాకు ఎండబెట్టి డబ్బాలో తెచ్చుకుంది అమలాపురం నుంచి. చివర్లో ఆవపిండి కలిపింది. మర్నాడు పొద్దున్నే చిన్న స్టీలు గిన్నెలో కొంచెం పెట్టి, లంగరు తియ్యకముందే సంతకి తీసుకెళ్ళమంది. మా ఆయన డింగీలో తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు. ఆవిడ అక్కడే నిలబడి తిని, గిన్నె కడిగి, అందులో మూడు జాజికాయలు వేసి పంపింది.